కార్డుల కబుర్లు: ముందు ఒక్క డెక్ కట్టుకోండి

నేను అనకాపల్లిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను. 2024 దీపావళికి మా అక్క కొడుకు ఇంటికొచ్చి, ముందురోజే విడుదలైన పోకేమాన్ టీసీజీ పాకెట్ అనే కార్డుల ఆటను నా ఫోన్‌లో ఎక్కించి, "పిన్నీ, ఇది నీలాంటి లెక్కలవాళ్లకే" అన్నాడు. ఇందులో ప్యాక్ అంటే కార్డుల పొట్లం, డెక్ అంటే ఆడటానికి మనం ఏరి పెట్టుకునే కార్డుల కట్ట. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా రోజూ ప్యాక్ తీస్తూనే ఉన్నాను. ఈ ఆట గురించి పోయిన నెల నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు పనికొచ్చేవి ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఇంటర్ సెకండియర్. ఆట మొదలుపెట్టి పది రోజులైంది. కనిపించిన ప్రతి ప్యాకూ ఒకటో రెండో తీశాను. కార్డులు వంద దాటాయి గానీ ఒక్క మంచి డెక్ కుదరడం లేదు. ఆన్‌లైన్‌లో అందరి చేతిలోనూ ఓడిపోతున్నాను. నా తప్పెక్కడ? (కాకినాడ నుంచి)

కొత్తలో అందరం చేసిన పనే ఇది నాన్నా, నేనూ చేశాను. ఒక సెట్ (ఒక విడతగా వచ్చిన కార్డులు) నుంచి రెండు, ఇంకో సెట్ నుంచి మూడు తీస్తూ పోతే ఆల్బమ్ నిండుతుంది, డెక్ మాత్రం నిండదు. డెక్‌కు కావలసింది ఒకే కార్డు రెండు కాపీలు. వేర్వేరు ప్యాకుల్లో తిరుగుతుంటే ఆ రెండో కాపీ ఎప్పటికి దొరుకుతుంది?

లెక్క చెప్తాను, ఓపిగ్గా చదువు. ప్యాక్‌లో 5 కార్డులు ఉంటాయి. మొదటి సెట్ జెనెటిక్ ఏపెక్స్‌నే తీసుకుందాం. అందులో మొదటి మూడు కార్డులూ దాదాపు ఎప్పుడూ ఒక్క డైమండ్‌వే, అంటే మామూలువి. అదృష్టమంతా నాలుగో కార్డులోనూ అయిదో కార్డులోనూ ఉంది. నాలుగు డైమండ్ల ఈఎక్స్ కార్డు, అంటే అరుదుగా వచ్చే బలమైన కార్డు, నాలుగో స్థానంలో రావడానికి అవకాశం 1.666 శాతం, అయిదో స్థానంలో 6.664 శాతం. రెండూ కలిపితే 8.33. అంటే సగటున 12 ప్యాకులకు ఒక ఈఎక్స్. అది కూడా ఏదో ఒకటి, నీకు కావలసిందే వస్తుందని లేదు. ఈ పట్టిక ఎవరో పుట్టించింది కాదు, ఆటలోనే ప్యాక్ పేజీలో నొక్కితే కనిపిస్తుంది. డబ్బు పెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు ఆ పేజీ చదవాలని నా గట్టి కోరిక.

అదృష్టం కలిసిరానివాళ్లకు ప్యాక్ పాయింట్లు ఉన్నాయి. ఒక్కో ప్యాక్‌కు 5 పాయింట్లు జమవుతాయి. వాటితో కావలసిన కార్డు నేరుగా తీసుకోవచ్చు: రెండు డైమండ్లది 70, మూడు డైమండ్లది 150, నాలుగు డైమండ్ల ఈఎక్స్ 500. రోజుకు ఉచితంగా రెండు ప్యాకులు వస్తాయి కాబట్టి 500 పాయింట్లకు 50 రోజులు. అయితే ఒక సెట్‌లో సంపాదించిన పాయింట్లు ఇంకో సెట్‌లో చెల్లవు. నువ్వు నాలుగైదు సెట్‌లలో తలా పది పాయింట్లు పారేసుకుని ఉంటావు, చూసుకో.

కాబట్టి ఇవాళే ఒక సెట్ ఎంచుకో. జెనెటిక్ ఏపెక్స్ అయితే దానిలో మళ్లీ చారిజార్డ్, మ్యూటూ, పికాచూ అని మూడు ప్యాకులున్నాయి. పాయింట్లు మూడింటికీ ఉమ్మడే గానీ కార్డులు వేరు. మ్యూటూ ఈఎక్స్, దానికి తోడు పనిచేసే గార్డెవాయిర్ రెండూ మ్యూటూ ప్యాక్‌లోనే ఉంటాయి. పికాచూ ఈఎక్స్, జాప్‌డాస్ ఈఎక్స్ పికాచూ ప్యాక్‌లో ఉంటాయి. నీకు ఏ జంట నచ్చిందో ఆ ప్యాక్ ఒక్కటే తియ్యి. డెక్ కుదిరాక వేరే ప్యాక్ జోలికి వెళ్లొచ్చు.

ఇంకో మాట. మొదట్లో ఆట నీకు బోలెడు ఇసుక గడియారాలు ఇస్తుంది. తర్వాతి ఉచిత ప్యాక్ కోసం ఉండే నిరీక్షణను ఒక్కోటి ఒక గంట తగ్గిస్తుంది, 12 పెడితే ఒక ప్యాక్. నేను మొదటి రాత్రే అవన్నీ మూడు ప్యాకుల మీదా ఖర్చు పెట్టేశాను. ఆ తర్వాత రెండు వారాలు సబ్రీనా కార్డు కోసం ఎదురుచూశాను. నువ్వు అలా చేయకు. ఆన్‌లైన్ పోటీలు కూడా కొన్నాళ్లు ఆపు. కంప్యూటర్‌తో ఆడే సోలో బ్యాటిల్స్ బిగినర్ నుంచి ఎక్స్‌పర్ట్ దాకా ఉన్నాయి. ఒక్కోటి గెలిచేకొద్దీ గడియారాలు వస్తాయి. సొంత డెక్ లేనివాళ్లకు రెంటల్ డెక్‌లు ఉన్నాయి, వాటితో ఆడి చూస్తే ఏ డెక్ నీ చేతికి అలవాటవుతుందో తెలుస్తుంది.

ప్రశ్న: మేడం, నేనూ మావారూ రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆడుకుంటాం. నా డెక్‌లో చారిజార్డ్ ఈఎక్స్, వీనసార్ ఈఎక్స్, మ్యూటూ ఈఎక్స్ మూడూ ఉన్నాయి. ఆయనకు ఉన్నది పికాచూ ఈఎక్స్ ఒక్కటే. అయినా ఎప్పుడూ ఆయనే గెలుస్తారు. బలమైన కార్డులన్నీ నా దగ్గర పెట్టుకుని ఎందుకు ఓడిపోతున్నాను? (విజయవాడ నుంచి)

అమ్మా, మీ కార్డులు మూడూ గొప్పవే. కానీ వాటి తిండి వేరు. ఒకటి అగ్గి తింటుంది, ఒకటి ఆకు తింటుంది, మూడోది సైకిక్ ఎనర్జీ తింటుంది. ఈ ఆటలో డెక్‌లో ఎనర్జీ కార్డులు ఉండవు. మీ వంతు వచ్చినప్పుడల్లా ఎనర్జీ జోన్ ఒక్క ఎనర్జీ ఇస్తుంది. డెక్‌కు మూడు రకాలు పెట్టుకుంటే ఏది ఇస్తుందో దాని ఇష్టం. చారిజార్డ్ పెద్ద దెబ్బకు నాలుగు ఎనర్జీలు కావాలి, అందులో రెండు అగ్గివే అయి తీరాలి. మీరు అగ్గి కోసం చూస్తుంటే ఆకు వస్తుంది. ఈలోగా మీవారి పికాచూ రెండు ఎనర్జీలతో కొట్టేస్తుంది.

అందుకే కొత్తలో ఒకే రంగు పెట్టుకోండి. దీన్ని మించిన చిట్కా నా దగ్గర లేదు.

డెక్ 20 కార్డులే, ఒకే పేరున్నవి రెండుకు మించి పెట్టకూడదు. మీ ముఖ్యమైన కార్డు ఒక్క కాపీయే ఉంటే, మొదటి అయిదు కార్డులూ మొదటి వంతులో తీసే ఒకటీ కలిపి ఆరింటిలో అది చేతికి రావడానికి సుమారు 30 శాతం అవకాశం. రెండు కాపీలుంటే సుమారు 52. ఒక్క కార్డు చేరిస్తే ఇంత తేడా వస్తోంది. పైగా ప్రొఫెసర్స్ రీసెర్చ్ రెండు పెట్టుకుంటే ఒక్కోటి ఇంకో రెండు కార్డులు లాగిస్తుంది. పోకేబాల్ రెండు పెట్టుకుంటే ఒక్కోటి డెక్‌లోంచి ఒక బేసిక్ పోకేమాన్‌ను, అంటే నేరుగా పెట్టగలిగేదాన్ని, తీసుకొస్తుంది. ఈ నాలుగు కార్డులూ ఏ డెక్‌లోనైనా ఉండాల్సినవే, వంటింట్లో ఉప్పూ పసుపూ ఉన్నట్టు. బేసిక్‌లు ఎంత తక్కువ రకాలుంటే పోకేబాల్ అంత సూటిగా పనిచేస్తుంది. మ్యూటూ-గార్డెవాయిర్ డెక్ అందుకే అంత బాగా నడుస్తుంది. దానిలో బేసిక్‌లు మ్యూటూ ఈఎక్స్, రాల్ట్స్ అని రెండు రకాలే.

మీవారు ఎలా గెలుస్తున్నారో నా ఆట ఒకటి చెప్తాను, అర్థమవుతుంది. ఎదుటివాళ్లది చారిజార్డ్ డెక్. ముందు మోల్ట్రెస్ ఈఎక్స్‌ను నిలబెట్టారు, వెనక బెంచ్ మీద చార్మాండర్ ఒక్కటే. వాళ్లు ముందు ఆడారు, నేను తర్వాత. మొదట ఆడేవాళ్లకు మొదటి వంతులో ఎనర్జీ రాదు, నాకు వచ్చింది. నా చేతిలో పికాచూ ఈఎక్స్ ఉంది. దాని దెబ్బ, బెంచ్ మీద ఉన్న ఒక్కో కరెంటు పోకేమాన్‌కు 30. బెంచ్ మీద మూడే స్థలాలు. మొదటి వంతులో రెండు నింపాను, పోకేబాల్ వేస్తే మూడోది దొరికింది. రెండో వంతుకు రెండు ఎనర్జీలు పడ్డాయి. మూడు ముప్పైలు 90. మోల్ట్రెస్ బలహీనత కరెంటే కాబట్టి ఇంకో 20 కలిసి 110. దాని ప్రాణం 140. ఎదుటివాళ్లు నాణేలు ఎగరేసి చార్మాండర్‌కు ఎనర్జీలు పోస్తున్నారు. అది పెరిగి చారిజార్డ్ అయితే నా పని అయిపోయినట్టే, దాని దెబ్బ 200, నా పికాచూ ప్రాణం 120. కానీ మధ్యలో రావలసిన చార్మీలియన్ వాళ్ల చేతికి రాలేదు. మూడో వంతులో మోల్ట్రెస్ పడిపోయింది. ఈఎక్స్ పడితే రెండు పాయింట్లు (ఇవి ప్యాక్ పాయింట్లు కావు, గెలుపు పాయింట్లు, మూడొస్తే ఆట మనదే). ఇక వాళ్లకు మిగిలింది చార్మాండర్ ఒక్కటే, ప్రాణం 60. నాలుగో వంతులో అదీ పడింది. మూడు పాయింట్లు, ఆట అయిపోయింది. నేను కొట్టిన దెబ్బలు మూడే.

చారిజార్డ్ బలం నిజమే. అది వచ్చేసరికి ఆట ఉండాలి కదా. మీ మూడింటిలో ఒకదాన్ని ఉంచి మిగతా రెండూ తీసేయండి. నన్నడిగితే మ్యూటూ ఉంచండి, దానికది బేసిక్, పెంచాల్సిన పని లేదు, రెండు ఎనర్జీలకే 50 కొడుతుంది. కొత్త సెట్‌లలో దీన్ని మించిన కార్డులు చాలా వచ్చాయి, నిజమే. 2025 అక్టోబరు చివర వచ్చిన మెగా ఈఎక్స్ కార్డులు మరీ పెద్దవి. కానీ అది ఒక్కటి పడితే ఎదుటివాళ్లకు మూడు పాయింట్లూ ఒకేసారి వెళ్లిపోతాయి. ఇద్దరూ సరదాగా ఆడుకోవడానికి మ్యూటూ చాలు. వచ్చే శనివారం రాత్రి ఎవరు గెలిచారో రాయండి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఎనిమిదో తరగతి. వాడి ఫోన్‌లో కార్డుల ఆట చూసి నాకు భయమేసింది. మా బంధువుల్లో ఒకాయన ఆన్‌లైన్ రమ్మీలో పొలం పోగొట్టుకున్నాడు. ఇదీ అలాంటిదేనా? (కరీంనగర్ నుంచి)

మీ భయం అక్షరాలా సబబైనదండీ. ఇంట్లో ఒక దెబ్బ తిన్నవాళ్లకు కార్డు అన్న మాట వినగానే గుండె గుభేలుమంటుంది.

ఇది రమ్మీ కాదు. రమ్మీలో డబ్బు పందెం కాసి డబ్బు గెలవాలని చూస్తారు. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, ఆంధ్రలో 2020లో. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. ఈ ఆటలో పందెం ఉండదు, గెలిచినా డబ్బు రాదు, ఓడినా కార్డు పోదు. మనం చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు ఆడుకున్నాం చూడండి, బరువు ఎంత, ఎత్తు ఎంత అని అడుగుతూ. బబుల్ గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మలు మార్చుకున్నాం. అబ్బాయి ఆడుతున్నది ఆ వరసలోది.

అంతమాత్రాన నిశ్చింతగా ఉండమని చెప్పను. ప్యాక్‌లో ఏం వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి కొనుక్కునే వీలు ఇందులో ఉంది. "ఇంకొక్కటి తీస్తే వస్తుందేమో" అన్న ఆశ పెద్దవాళ్లకే ఆగదు, పద్నాలుగేళ్ల పిల్లాడికి ఎలా ఆగుతుంది? ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడను. ఇవాళ సాయంత్రం వాడి ఫోన్ తీసుకుని ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఆ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. ఆ ఫోన్‌లో మీ కార్డుగానీ యూపీఐగానీ ఉంటే తీసేయండి. ప్రీమియం పాస్ అని నెలనెలా కట్టేది ఒకటి ఉంది. మొదటి రెండు వారాలు ఉచితం, ఆపకపోతే తర్వాత డబ్బు కడుతూ పోతుంది. వాడు ఉచితం కదా అని నొక్కి ఉంటే ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయండి.

తర్వాత వాడి పక్కన కూర్చుని ఒక్క ఆట చూడండి. దయచేసి తిట్టకుండా చూడండి. ఏ కార్డు ముందు వేశావు, ఎందుకు వేశావు అని అడగండి. మా బడిలో శాతాలంటే పారిపోయే పిల్లలు ప్యాక్ శాతాలు నోటికి చెప్తున్నారు. వాళ్లకు సంభావ్యత పాఠం ఈ ఏడాది అక్కడినుంచే మొదలుపెట్టాను.

ప్రశ్న: అక్కా, మేం డాలస్‌లో ఉంటాం. మా పాప, గుంటూరులో ఉన్న మా అన్నయ్య కొడుకు ఇద్దరూ ఈ ఆట ఆడుతున్నారు. కార్డులు మార్చుకుందామంటే ఏదీ కుదరడం లేదు. పాప ఇక్కడ అసలు కార్డులు కూడా కొంటుంది, నియమాలు కలిపేసి గజిబిజి పడుతోంది. (డాలస్ నుంచి)

పిల్లలిద్దరూ అంత దూరంలో ఉండి కార్డులు మార్చుకుంటున్నారంటే చాలా సంతోషంగా ఉందమ్మా.

ట్రేడింగ్ ఆటతో పాటు రాలేదు, 2025 జనవరి చివర వచ్చింది. మొదట్లో దానికి ట్రేడ్ టోకెన్లని ఉండేవి, వాటి కోసం మంచి కార్డులు వదులుకోవాల్సి వచ్చేది. జనం గట్టిగా గోల పెట్టారు, ఆ ఏడాదే టోకెన్లు తీసేశారు. పాత వీడియోలు చూసి టోకెన్లు ఎక్కడని వెతక్కండి.

ఇప్పుడు చూసుకోవాల్సినవి ఇవీ. ముందు ఒకరి ఐడీ ఒకరు చేర్చుకుని ఫ్రెండ్స్ అవ్వాలి. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే స్థాయిది కావాలి, మూడు డైమండ్లకు మూడు డైమండ్లే. మీకు కుదరకపోవడానికి బహుశా ఇదే కారణం. ట్రేడ్‌కు స్టామినా ఖర్చవుతుంది, అది కొంత సమయానికి మళ్లీ నిండుతుంది. ఒకటి, రెండు డైమండ్ల కార్డులకు ఇంకేం అక్కర్లేదు, పై స్థాయి వాటికి ఆటలోనే దొరికే షైన్‌డస్ట్ అనేది కావాలి. ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఉండనవసరం లేదు. పాప రాత్రి ఒక కార్డు ఇస్తానని పెడితే, బాబు తన పగలు చూసుకుని బదులు కార్డు పెడతాడు, ఆ తర్వాత పాప సరే అంటే మారిపోతుంది. ఆ "సరే" నొక్కే ముందు ఇచ్చే కార్డు ఎన్ని కాపీలున్నాయో చూసుకోమనండి. నేనూ మా అక్క కొడుకూ మూడో కాపీ వచ్చేదాకా ఏదీ ఇవ్వకూడదని మాట అనుకున్నాం, ఎందుకంటే డెక్‌కు రెండు కావాలి.

ఇక నియమాల సంగతి. అసలు కార్డుల ఆటలో డెక్ 60, ఎనర్జీ కార్డులు డెక్‌లోనే, గెలవడానికి ఆరు ప్రైజ్ కార్డులు, బెంచ్ మీద అయిదు స్థలాలు. ఫోన్‌లో 20, ఎనర్జీ జోన్ నుంచి ఎనర్జీ, గెలవడానికి మూడు పాయింట్లు, బెంచ్ మీద మూడు. ఈ నాలుగూ కాగితం మీద రాసి గోడకు అంటించండి, పాపకు గజిబిజి పోతుంది.

ప్రశ్న: మేడం, ఒక టెలిగ్రామ్ గ్రూప్‌లో అన్ని ఈఎక్స్‌లూ ఉన్న అకౌంట్ మూడు వేలకు ఇస్తామంటున్నారు. కొనొచ్చా? (హైదరాబాద్ నుంచి, డిగ్రీ విద్యార్థి)

వద్దు బాబూ. అకౌంట్లు అమ్మడం, కొనడం ఆట నిబంధనలకు విరుద్ధం. డబ్బు తీసుకున్నాక వాడు మాయమైతే అడగడానికి దారే లేదు. ఆ మూడు వేలతో ఫీజు కట్టుకో, పుస్తకాలు కొనుక్కో.

ప్రశ్న: ప్యాక్‌లను తిప్పుతూ ఉంటే ఒక్కోసారి మూల వంగిన ప్యాక్ కనిపిస్తుంది. అది తీస్తే మంచి కార్డు వస్తుందంటారు, నిజమేనా? పరీక్షల టైమ్‌లో ఆట మానేస్తే నష్టమా? (తిరుపతి నుంచి)

మూల వంగినా వంగకపోయినా శాతాల పట్టిక ఒక్కటే. నేను కూడా ప్యాక్ వెనక్కి తిప్పి, కళ్లు మూసుకుని, వేలితో పై అంచు మెల్లగా చింపుతాను. ఆ క్షణం బాగుంటుంది కాబట్టి చింపుతాను.

పరీక్షలప్పుడు టెన్షన్ పడకు. ఉచిత ప్యాకులు రెండు దాకా నిల్వ ఉంటాయి. రోజుకు ఒక్కసారి, రాత్రి పడుకోబోయే ముందు రెండూ తీస్తే ఏమీ పోదు. రెండు నిమిషాల పని. వండర్ పిక్ స్టామినా 12 గంటలకు ఒకటి చొప్పున అయిదు దాకా నిలుస్తుంది, అంటే రెండు రోజులు చూడకపోయినా ఫరవాలేదు. వండర్ పిక్‌లో ఎవరో తీసిన ప్యాక్‌లోని అయిదు కార్డులూ తిరగేసి ఒకటి ఎంచుకోమంటారు. నీకు కావలసింది రావడానికి అయిదింట ఒక వంతు అవకాశం. స్టామినా అడగని చాన్సీ పిక్‌లు కనిపిస్తే అవి మాత్రం వదలకు. యుద్ధాలు పరీక్షలయ్యాకే.

ప్రశ్న: టీచర్, నేను ఏడో తరగతి. మాది తెలుగు మీడియం. ఆటలో అంతా ఇంగ్లీషే ఉంది. అన్నయ్య నేర్పను అంటున్నాడు. నాకు ఈవీ అనే పోకేమాన్ చాలా ఇష్టం. నేను ఆడగలనా? (శ్రీకాకుళం జిల్లా నుంచి)

ఎందుకు ఆడలేవు తల్లీ! ఆటలో తెలుగు లేదు, నిజమే. కానీ నీకు కావలసిన మాటలు పట్టుమని పది లేవు. కార్డు పైన కుడివైపు హెచ్‌పీ అని ఉండే అంకె దాని ప్రాణం. ఎడమ మూల బేసిక్ అని ఉంటే నేరుగా పెట్టొచ్చు. స్టేజ్ వన్ అని ఉంటే బేసిక్ మీద పెట్టాలి, స్టేజ్ టూ అయితే స్టేజ్ వన్ మీద పెట్టాలి. పెట్టిన వంతులోనే పెంచనివ్వదు, ఒక వంతు ఆగాలి. దెబ్బ పేరు పక్కన చిన్న గుండ్రాలు ఎన్ని ఉంటే అన్ని ఎనర్జీలు కావాలి, తెల్ల గుండ్రానికి ఏ రంగైనా సరిపోతుంది. కుడివైపు అంకె దెబ్బ బలం. కింద వీక్‌నెస్ దగ్గర ఏ గుర్తు ఉంటే ఆ రంగు వాళ్లు కొట్టినప్పుడు 20 ఎక్కువ తగులుతుంది. రిట్రీట్ పక్కన గుండ్రాలు, వెనక్కి రావడానికి వదులుకోవాల్సిన ఎనర్జీలు. సపోర్టర్ అని ఉన్నవి వంతుకు ఒక్కటే వేయాలి, ఐటమ్ అని ఉన్నవి ఎన్నైనా వేయొచ్చు.

అంతే. ఇవి నోట్‌బుక్‌లో రాసుకుని పక్కన పెట్టుకుని రోజుకు ఒక సోలో బ్యాటిల్ ఆడు. ఆటో అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే ఫోనే ఆడేస్తుంది. ఈ నెలంతా దాన్ని ముట్టుకోకు, నీ వేలితోనే ఆడు. ఈవీ ఒక్కటే రకరకాల రూపాల్లోకి పెరుగుతుంది, మొదటి సెట్‌లోనే నిప్పు, నీరు, కరెంటు మూడూ ఉన్నాయి. నీకు ఏ రంగు నచ్చిందో ఆ ఒక్కటి పెట్టుకుని, నీ 20 కార్డుల పేర్లు తెలుగులోనే రాసి నాకు పంపు. ఏది తీసేయాలో, ఏది చేర్చాలో వచ్చే నెల ఇదే పేజీలో నీకు రాస్తాను.